మాండరిన్ నేర్చుకోవాలి సరే, ఏ యాసతో?

మాండరిన్ మొదలుపెట్టినవారిని లిపి కంటే ముందు తికమక పెట్టేది యాస. ఒక గురువు ‘ఎక్కడ’ అనడానికి ‘నార్’ అంటారు, మరొకరు ‘నాలి’ అంటారు. ఒక వీడియోలో చెత్తను ‘లాచీ’ అన్నారు, ఇంకో వీడియోలో అదే చెత్త ‘లస’ అయింది. ఏది తప్పు అని వెతికితే ఏదీ తప్పు కాదు. ‘నార్’ ఉత్తర చైనా మాట, ‘నాలి’ చైనా దక్షిణాదిలోనూ తైవాన్‌లోనూ వినిపిస్తుంది. ‘లాచీ’ చైనా ప్రధాన భూభాగపు మాట, ‘లస’ తైవాన్ మాట.

నా అభిప్రాయం ముందే చెబుతాను. నోటికి ఒక్క యాస చాలు. చెవికి మాత్రం మీరు బతకబోయే ఊరి యాస విడిగా అలవాటు కావాలి. ఇవి రెండు వేర్వేరు నిర్ణయాలు. వీటిని కలిపేసుకోవడం వల్లనే చాలామంది పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుని కూడా బజారులో నోరు తెరవలేక నిలబడిపోతున్నారు.

ఇంకో మాట. గ్వాంగ్‌జౌలో వినిపించే కాంటనీస్, షాంఘై భాష, తైవాన్‌లో పెద్దలు మాట్లాడే మిన్నాన్ భాష మాండరిన్ యాసలు కావు. మాండరిన్ వచ్చినంత మాత్రాన అవి అర్థం కావు. ఇక్కడ పోల్చేది మాండరిన్ లోపలి తేడాలను మాత్రమే.

చైనా మాటలను ఇక్కడ చదవవలసిన తీరు

అన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. థ, ఖ, ఛ వంటి వత్తు అక్షరాలు ఉన్నచోట గాలి బలంగా వదలాలి, లేనిచోట వదలకూడదు. ‘ఫ’ను మాత్రం ‘ఫోను’లో లాగే పలకండి. ‘ౘ’ అంటే చలి, చుక్క అన్నప్పుడు పలికే దంత్య చకారం. ఊర్ల పేర్లను మాత్రం పత్రికలు రాసే పద్ధతిలోనే ఉంచాను.

స్వరాలు, అంటే ఒక్కో అక్షరాన్ని పలికేటప్పుడు గొంతు లేచే పడే తీరులు, నాలుగు. మొదటిది ఎత్తులో నిలకడగా సాగుతుంది. రెండోది పైకి లేస్తుంది. మూడోది కిందికి దిగి అడుగున ఉంటుంది. నాలుగోది పైనుంచి ఒక్కసారిగా పడుతుంది. యాస ఏదైనా స్వరాల విషయంలో రాజీ పనికిరాదు. ‘మాయ్’ని మూడో స్వరంతో అంటే కొనడం, నాలుగో స్వరంతో అంటే అమ్మడం. ‘ష’ వంటి ధ్వనులకు నాలుక మడత సరిగా పడకపోయినా ఎదుటివారు అర్థం చేసుకుంటారు. స్వరం తప్పితే బేరమే తిరగబడుతుంది.

ముందు తేల్చుకోవలసినవి

అన్నిటికంటే పెద్ద ప్రశ్న, మీరు ఎవరితో మాట్లాడబోతున్నారు? ‘చైనావాళ్లతో’ అన్నది జవాబు కాదు. షెన్యాంగ్ ఆసుపత్రిలో ముసలి రోగితోనా, యీవూ టోకు బజారులో కొట్టు యజమానితోనా, తైవాన్ నుంచి వచ్చిన ఇంజనీరుతోనా అన్నది తేలాలి. 2020 నాటికి తమ జనాభాలో 80.72 శాతం మంది ప్రామాణిక భాష (పుతోంగ్హ్వా, అంటే ప్రభుత్వం ప్రమాణంగా నిర్ణయించిన మాండరిన్) మాట్లాడగలరని చైనా ప్రభుత్వం ప్రకటించింది. అంటే మిగిలిన అయిదో వంతు మంది మాట్లాడలేరు. పల్లె నుంచి ఆసుపత్రికి వచ్చే వృద్ధుడు ఆ అయిదో వంతులో ఉండే అవకాశం ఎక్కువ.

రెండోది పరీక్ష. విదేశీయులకు చైనా నిర్వహించే మాండరిన్ పరీక్ష హెచ్‌ఎస్‌కేలో వినిపించేది ప్రామాణిక ఉచ్చారణ. తైవాన్ పరీక్ష టీఓసీఎఫ్‌ఎల్. ఏ దేశంలో చదువుకు, ఉపకారవేతనానికి దరఖాస్తు చేస్తారో ఆ దేశపు పరీక్ష వైపు మొగ్గాలి.

మూడోది లిపి. చైనా, సింగపూర్ గీతలు తగ్గించిన సరళీకృత లిపి వాడతాయి, తైవాన్ సంప్రదాయ లిపి వాడుతుంది. యాసను మధ్యలో మార్చుకోవడం తేలిక. లిపిని మార్చుకోవాలంటే నెలల తరబడి పని.

ఇక తెలుగు నాలుకకు ఏది తేలిక అన్నది. ఇక్కడ మనకు కలిసొచ్చేది చాలా ఉంది. మాండరిన్‌లో స, శ, ష మూడూ విడివిడిగా ఉన్నాయి. మన అక్షరమాల కూడా ఆ మూడింటినీ వేరు చేసి పెట్టింది. ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవారు తంటాలు పడే ‘ౘ’ మనకు ఉగ్గుపాలతో వచ్చింది. గాలి వదిలే థ, వదలని త కూడా మన లిపిలో వేరే. కాకపోతే మాటల్లో మనం వత్తులను తేల్చేస్తాం. ఆ అలవాటును మాండరిన్ క్షమించదు.

| యాస | ఎవరికి | లిపి | తెలుగు నాలుకకు | పాఠాల లభ్యత |
|---|---|---|---|---|
| ప్రామాణికం | పరీక్ష, అనువాదం, ఊరు తేలనివారు | సరళీకృతం | మధ్యస్థం | అపారం |
| బీజింగ్ | బీజింగ్‌లో ఉండేవారు | సరళీకృతం | కష్టం | బాగానే |
| ఈశాన్యం | షెన్యాంగ్, హార్బిన్ విద్యార్థులు | సరళీకృతం | తేలిక | వినోద వీడియోలు ఎక్కువ |
| నైరుతి | చెంగ్డూ, చోంగ్‌చింగ్, వూహాన్ విద్యార్థులు | సరళీకృతం | పలకడం తేలిక, వినడం కష్టం | తక్కువ |
| దక్షిణ తీరం | వ్యాపారులు | సరళీకృతం | తేలిక | దాదాపు లేవు |
| తైవాన్ | తైవాన్ చదువు, ఉద్యోగం | సంప్రదాయం | తేలిక | బాగానే |
| సింగపూర్ | అక్కడి నివాసులు | సరళీకృతం | తేలిక | తక్కువ |

ప్రామాణిక పుతోంగ్హ్వా

బీజింగ్ యాసే ప్రామాణిక భాష అనుకుంటారు చాలామంది. పూర్తిగా నిజం కాదు. 1956లో చైనా ప్రభుత్వం ఇచ్చిన నిర్వచనం ప్రకారం బీజింగ్ ధ్వనులు దీనికి ప్రమాణం, ఉత్తరాది మాండలికాలు పునాది, ఆధునిక వ్యావహారిక రచనలు వ్యాకరణానికి ఆధారం. బీజింగ్ వీధి మాటలు అందులో లేవు. 1953లో ఉచ్చారణ నమూనాలు సేకరించినవారు హెబెయ్ రాష్ట్రంలోని ల్వాన్‌పింగ్ అనే చిన్న కౌంటీకి వెళ్లారు. అక్కడి మాట ఇప్పటికీ వార్తలు చదివినంత స్పష్టంగా ఉంటుందని పేరు.

చైనీయులకు కూడా ఇది పరీక్ష పెట్టి కొలిచే భాషే. 1994 నుంచి అక్కడ పుతోంగ్హ్వా ప్రావీణ్య పరీక్ష ఉంది. జాతీయ స్థాయి వార్తా ప్రసారకులకు నూటికి 97 పైన రావాలి. బడి పంతులుకు కనీసం 80 కావాలి. సొంత దేశస్థులే తడబడే చోట మనకు 97 రాలేదని బెంగపడనక్కరలేదు. అర్థమయ్యేలా, స్వరం తప్పకుండా మాట్లాడటం చాలు.

దీని లాభం ఏమిటంటే ఎవరి ముందు మాట్లాడినా చెల్లుతుంది. హార్బిన్‌లో, తైపేలో, సింగపూర్‌లో ఎక్కడా అర్థం కాలేదని ఎవరూ అనరు. దీని లోటు కూడా చెప్పుకోవాలి. ఇది ఒక్కటే విని పెరిగిన చెవికి అసలు మనుషుల మాట మరో భాషలా తోస్తుంది. ప్రధాన భూభాగపు టీవీ సీరియళ్లలో చాలావాటికి డబ్బింగ్ కళాకారులు ప్రామాణిక ఉచ్చారణతో గొంతు ఇస్తారు. అవి మాత్రమే చూసి ‘నాకు అన్నీ అర్థమవుతున్నాయి’ అనుకోవడం ప్రమాదం.

బీజింగ్

మాట చివర నాలుక మడిచి ‘ర్’ చేర్చడం దీని ముద్ర. ‘నాలి’ కాస్తా ‘నార్’ అవుతుంది. అంతకంటే కష్టం మధ్య అక్షరాలను మింగేయడం. ‘తెలియదు’ అనే ‘పు చి తావ్’ వేగంలో ‘పుర్‌తావ్’ అవుతుంది. పాత బజారు వీధి పేరును అక్షరాల ప్రకారం చదివితే ఒకటి, స్థానికులు పలికేది ‘తాషిలార్’.

బీజింగ్‌లో ఉండబోయేవారు ఇది వినడం నేర్చుకోవాలి. అనుకరించమని మాత్రం నేను చెప్పను. పరదేశి నోట ఆ ‘ర్’లు అతికించినట్టు ఉంటాయి, ఎక్కడ పెట్టకూడదో తెలియడానికి ఏళ్లు పడుతుంది. ఒక్కటి మాత్రం తెచ్చుకోండి. ‘మీరు’ అనే గౌరవవాచకం ‘నిన్’ బీజింగ్‌లో నిత్యం వినిపిస్తుంది. నువ్వు, మీరు తేడా పాటించే మనకు అది ఇట్టే పట్టుబడుతుంది.

ఈశాన్యం, నైరుతి: వైద్య విద్యార్థులకు

ఈ రెండింటినీ కలిపి రాస్తున్నాను, ఎందుకంటే మన రాష్ట్రాల నుంచి చైనాకు వెళ్లేవారిలో వైద్య విద్యార్థులు ఎందరో, వారి చూపు తరచు ఈ రెండు ప్రాంతాల మధ్యే ఊగుతుంది. 2021 నవంబరులో వచ్చిన మన జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం విదేశంలో కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, బోధన ఇంగ్లిష్‌లో ఉండాలి, ఆ పైన అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. పాఠం ఇంగ్లిష్‌లో చెబుతారు, రోగి మాత్రం ఇంగ్లిష్‌లో మూలగడు. కళాశాల ఎంచుకునేటప్పుడు ఫీజు, హాస్టలు చూసినట్టే ఆ ఊరి యాస కూడా చూడాలని గట్టిగా చెబుతాను.

ఈశాన్య యాస, అంటే షెన్యాంగ్, హార్బిన్ వైపు మాట, ప్రామాణికానికి చాలా దగ్గర. హార్బిన్ మాటకు శుద్ధమైనదని పేరే ఉంది. మొదటి స్వరం కాస్త కిందిగా ఉంటుంది, ‘రెన్’ అనవలసిన మనిషి కొందరి నోట ‘యిన్’ అవుతాడు, షెన్యాంగ్ ఉన్న లియావ్‌నింగ్ రాష్ట్రంలో ష, స కలిసిపోతుంటాయి. ‘ఏమిటి’ని ‘షెన్‌మ’ బదులు ‘షా’ అంటారు. జావ్ బెన్‌షాన్ వంటి హాస్యనటుల వసంతోత్సవ ప్రదర్శనల పుణ్యమా అని ఈ యాస దేశమంతటా పరిచయం. వాక్యం అర్థమవుతుంది, దెబ్బతీసేది పదాలు. పుస్తకంలో మోకాలు ‘శీకాయ్’. షెన్యాంగ్ ముసలమ్మ మాత్రం ‘పోలంగ్‌కాయ్’ నొప్పి అంటుంది. దురదను ‘ౘినావ్’ అంటుంది. ఒక యాభై అరవై పదాల చిట్టా రాసుకుంటే ఇంటర్న్‌షిప్ గడిచిపోతుంది.

నైరుతి కథ వేరు. చెంగ్డూ, చోంగ్‌చింగ్, గుయ్‌యాంగ్, కున్‌మింగ్, వూహాన్ అన్నీ ఈ గుంపులోనివే. ష, స చాలాచోట్ల ఒకటే. న, ల తేడా చెరిగిపోతుంది. కొన్నిచోట్ల హ కూడా ఫ అవుతుంది కనుక ‘హునాన్’ కాస్తా ‘ఫులాన్’ అవుతుంది. ఇవన్నీ అలవాటు పడవచ్చు. అసలు ఇబ్బంది స్వరాల్లో ఉంది. స్వరాలు నాలుగే, వాటి నడక మారిపోయింది. చెంగ్డూలో మూడో స్వరం పైనుంచి పడుతుంది, నాలుగోది దిగి లేస్తుంది. ఇందాకటి కొనడం, అమ్మడం గుర్తున్నాయా? చెంగ్డూ మాండలికంలో ‘కొనడం’ వింటే బీజింగ్ ‘అమ్మడం’లా ఉంటుంది, ‘అమ్మడం’ బీజింగ్ ‘కొనడం’లా ఉంటుంది. బడిలో శ్రద్ధగా స్వరాలు దిద్దుకున్నవారే ఇక్కడ ఎక్కువ తికమకపడతారు.

తలనొప్పిని పుస్తకం ‘థౌ థంగ్’ అంటుంది. చెంగ్డూ ఉన్న సిచువాన్ రాష్ట్రపు రోగి ‘నావ్‌ఖో థోంగ్’ అంటాడు, ఆ ‘నా’ కూడా ‘లా’గా వినిపించవచ్చు. తలకు వేరే మాట, నొప్పికి వేరే మాట. ‘థంగ్’ ఉత్తరాది నొప్పి, ‘థోంగ్’ దక్షిణాది నొప్పి అని గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే. ‘తెలుసు’కు ‘చితావ్’ బదులు ‘శియావ్‌త’, ‘సరే’కు ‘యావ్‌త’, ‘లేదు’కు ‘మోత’, ‘హాయిగా ఉంది’కి ‘పాషి’ వింటారు.

అక్కడి యువత, నర్సులు, వైద్యులు మీతో ప్రామాణిక భాషలో, కాస్త స్థానిక వాసనతో మాట్లాడతారు కాబట్టి తరగతి గది సమస్య కాదు. వార్డులో సమస్య. మిగతా అన్నీ సమానంగా ఉంటే భాష కోణంలో నా ఓటు ఈశాన్యానికే. ఇప్పటికే చోంగ్‌చింగ్‌లోనో చెంగ్డూలోనో సీటు తీసుకున్నవారు మూడో ఏడు దాకా ఆగకండి. హాస్టలు కాపలాదారు, వంటశాలలో వడ్డించే ఆవిడ, పండ్లమ్మే ముసలాయన, వీళ్లే మీ వినికిడి గురువులు. రోజూ కాసేపు వారితో మాట కలపండి.

దక్షిణ తీరం: వ్యాపారులకు

గ్వాంగ్‌జౌలో 1957 నుంచి ఏటా వసంతంలో, శరత్తులో పెద్ద వాణిజ్య ప్రదర్శన జరుగుతోంది. జెజియాంగ్‌లోని యీవూ చిల్లర సామానుకు టోకు బజారు. బొమ్మలు, గాజులు, అలంకరణ సామాను కోసం మన వ్యాపారులూ అటు వెళతారు. అక్కడి కొట్లవాళ్లకు ఇంట్లో కాంటనీసో, షాంఘై భాష కూడా చేరే వూ భాషో ఉంటుంది. మాండరిన్ వారికీ నేర్చుకున్న భాషే. ష గుంపు ధ్వనులు పలకరు, స గుంపులో కలిపేస్తారు.

దీంతో వచ్చే చిక్కు ధరల దగ్గర. ప్రామాణిక భాషలో నాలుగు స-కారంతో, నాలుగో స్వరంలో. పది ష-కారంతో, రెండో స్వరంలో. దక్షిణాదివారి నోట రెండూ ‘సి’. మిగిలిన ఆధారం స్వరం ఒక్కటే. నాలుగు పడుతుంది, పది లేస్తుంది. పద్నాలుగు అంటే పది, నాలుగు. కాబట్టి లేచి పడుతుంది. నలభై అంటే నాలుగు, పది. అది పడి లేస్తుంది. వస్తువు 14 యువాన్లా, 40 యువాన్లా అన్నది ఈ లేవడం పడటంలో ఉంది. వెయ్యి వస్తువులు ఆర్డరు పెట్టేటప్పుడు ఆ తేడా 26,000 యువాన్లు.

వేళ్లతో అంకెలు చూపే చైనా పద్ధతి కూడా నేర్చుకోండి. పదికి రెండు చూపుడు వేళ్లను అడ్డంగా పెడతారు. ఆఖరున కాలిక్యులేటర్ మీద ధర చూపించమనండి, వారికి అది మామూలే. వ్యాపారులు పుస్తకం మొదటి పాఠం నుంచి చివరిదాకా చదవనక్కరలేదు. ప్రామాణిక స్వరాలు, అంకెలు, కొలతలు, రంగులు, గడువు తేదీలు, వీటి మీద పట్టు సాధించి వెంటనే దక్షిణాది గొంతులు వినడం మొదలుపెట్టాలి.

తైవాన్

తైవాన్‌లో నాలుక మడత మెత్తగా ఉంటుంది, మాట చివర ‘ర్’ దాదాపు రాదు. అక్షరాలను మింగడం తక్కువ కనుక కొత్తవారికి చెవికి ఇంపుగా తోస్తుంది. కొన్ని మాటలకు స్వరమే మారుతుంది. ‘వారం’ అనే ‘శింగ్‌ఛీ’లో రెండో అక్షరం చైనాలో మొదటి స్వరం, ఇక్కడ రెండోది. ఇద్దరి మధ్య ‘మరియు’ చైనాలో ‘హ’, తైవాన్‌లో తరచు ‘హాన్’. ధన్యవాదాలు చెబితే చైనాలో ‘పు ఖచి’, ఇక్కడ ‘పు హ్వెయ్’ అనే జవాబు కూడా సాధారణం. ‘థూతౌ’ అంటే చైనాలో బంగాళాదుంప, తైవాన్‌లో వేరుసెనగ.

నేర్పే వ్యవస్థ మంచిది. తైపేలోని జాతీయ తైవాన్ నార్మల్ విశ్వవిద్యాలయంలో మాండరిన్ శిక్షణ కేంద్రం 1956 నుంచి ఉంది. విదేశీయులకు భాష నేర్చుకోవడానికి తైవాన్ విద్యాశాఖ ఉపకారవేతనాలు ఇస్తుంది. శ్రీసిటీ, కొంగరకలాన్ వంటి చోట్ల తైవాన్ కంపెనీల కర్మాగారాల్లో పనిచేసేవారికి కూడా ఈ యాస చెవిన వేసుకోవడం ఉపయోగం.

సంప్రదాయ లిపి రాయడానికి బరువే. ఇప్పుడు రాత ఎక్కువగా ఫోనులో, కంప్యూటర్‌లో కాబట్టి గుర్తుపట్టగలిగితే చాలావరకు సరిపోతుంది. తైవాన్‌లోనే చదవాలని, ఉండాలని తేలితే మొదటి రోజు నుంచే తైవాన్ పాఠాలతో మొదలుపెట్టండి, ప్రామాణిక దారిలో వెళ్లి మళ్లీ మలుపు తిరగడం వృథా. తేలకపోతే మాత్రం ఇటు రావద్దు.

సింగపూర్

1979లో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ మాండరిన్ మాట్లాడండి అనే ఉద్యమం ప్రారంభించాక, అక్కడి చైనీయ కుటుంబాల్లో హొక్కియన్, కాంటనీస్ వంటివి తగ్గి మాండరిన్ పెరిగింది. ఉచ్చారణ ప్రమాణం, లిపి చైనావే. మాటల్లో మలయ్, ఇంగ్లిష్, హొక్కియన్ కలుస్తాయి. బజారును మలయ్ నుంచి వచ్చిన ‘పాషా’ అంటారు. అక్కడ ఇంగ్లిష్‌తో జీవితం సాఫీగా గడుస్తుంది కనుక ఇది అవసరం కంటే ఇరుగుపొరుగుతో దగ్గరితనం కోసం. ప్రామాణిక పాఠాలు, వాటిపైన స్థానిక పదాలు చాలు.

| అర్థం | చైనా ప్రామాణికం | గ్వాంగ్‌డాంగ్ వైపు | తైవాన్ | సింగపూర్ |
|---|---|---|---|---|
| టాక్సీ | ఛూౘూఛ | తీషి | చీఛంగ్‌ఛ | తషి |
| బస్సు | కోంగ్‌చియావ్‌ఛ | పాషి | కోంగ్‌ఛ | పాషి |
| సైకిలు | ౘిశింగ్‌ఛ | తాన్‌ఛ | చియావ్‌థాఛ | చియావ్‌ఛ |
| మెట్రో | తీథియె | తీథియె | చియెయున్ | తీథియె |

పిలుపులో జాగ్రత్త

యాస కంటే పిలుపులో పొరపాటు ఎక్కువ నొప్పిస్తుంది. తైవాన్‌లో దుకాణంలోని అమ్మాయిని ‘శియావ్‌చియె’ అనడం మర్యాద. చైనాలో చాలాచోట్ల ఆ మాటకు వేశ్య అనే అర్థం అంటుకుంది కాబట్టి హోటల్లో అలా పిలవకండి, ‘ఫువుయువాన్’ అనండి. డ్రైవరును, మరమ్మతు చేసేవారిని చైనాలో ‘షిఫు’ అనవచ్చు. కొట్టు యజమానిని ‘లావ్‌పాన్’ అంటే సంతోషిస్తారు.

గురువును ఎలా ఎంచుకోవాలి

డబ్బు కట్టే ముందు గురువును నాలుగు, పది, పద్నాలుగు, నలభై పలకమనండి. నాలుగూ నాలుగు రకాలుగా వినిపిస్తే మొదటి ఆరు నెలలకు ఆయన చాలు. ఆ తర్వాత మీరు వెళ్లబోయే ఊరి మనిషితో వారానికి ఒక గంట సంభాషణ పెట్టుకోండి. మొదటి రోజు నుంచే సిచువాన్ గురువుతో మొదలుపెడితే చెవికి మంచిదేమో కానీ, స్వరాల పునాది పడదు.

అమెరికాలో ఉంటూ పిల్లలను బడిలో మాండరిన్ తరగతిలో చేర్చాలనుకునే తెలుగు తల్లిదండ్రులకు ఇంత మల్లగుల్లాలు అక్కరలేదు. అక్కడి హైస్కూలు విద్యార్థులు రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) చైనీస్ పరీక్ష రెండు లిపుల్లో ఏదైనా ఎంచుకోనిస్తుంది. బడిలో ఉన్న గురువు తైవాన్‌వారైతే తైవాన్ పద్ధతిలోనే, చైనావారైతే చైనా పద్ధతిలోనే సాగనివ్వండి. చేరేముందు ఒక్కటి అడగండి: వచ్చే ఏడాది తరగతికి కూడా ఇదే లిపా? కాదంటే ఇంట్లో లిపి సాధనకు మీరు సమయం కేటాయించగలరో లేదో చూసుకుని చేర్చండి.